ఏ ఊరి ఏడు గంటలు

దుప్పటి మామయ్యను బండి మీద నుంచి దించేశారన్న సంగతి చుక్కకు ఆఫీసులో తెలియలేదు, అత్తయ్య కుట్టుమిషను దగ్గర తెలిసింది. తను ఉద్యోగం చేసేదీ, మామయ్య లారీ నడిపేదీ ఒకే కంపెనీలో. అయినా డ్రైవర్ల కబుర్లు మెట్లెక్కి రెండో అంతస్తు దాకా రావు. ప్యాంటు పొడవు తగ్గించమని ఇద్దామని వెళ్ళిన చుక్కను అత్తయ్య కూర్చోమని కూడా అనలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తూ, మీవాళ్ళు మీ మామయ్యని వారం నుంచి ఇంట్లో కూర్చోబెట్టారు, నీకు తెలీకుండా ఎలా ఉంటుంది అంది.

చుక్కకు నిజంగానే తెలియదు.

చుక్క అన్నది ఆమె అసలు పేరు కాదు. గడ్డం కింద పుట్టుమచ్చ చూసి, పుట్టిన పదోనాడు మామయ్య పెట్టిన ముద్దుపేరు. అసలు పేరు జీతం చీటీ మీద మాత్రమే మిగిలింది. మామయ్యకు తోటి డ్రైవర్లు పెట్టిన పేరు దుప్పటి. ఏ డిపోకి వెళ్ళినా ఆయన తన దుప్పటి తనే మడతపెట్టి తీసుకుపోతాడు. విశ్రాంతి గదుల్లో ఇచ్చే దుప్పట్లలో వందమంది కన్న కలలుంటాయి, వాళ్ళ పీడకలలు నాకెందుకు అంటాడు. భోజనం ఆలస్యమైతే ఊరుకుంటాడు గానీ నిద్రకి ఎవరైనా అడ్డొస్తే ఊరుకోడు. అలాంటి మనిషి తగినంత విశ్రాంతి లేకుండా బండి తీశాడని ఒకటి కాదు, మూడుసార్లు నమోదైంది. చేపకి ఈత రాదన్నట్టుంది ఆ మాట.

కంపెనీ మందులు రవాణా చేస్తుంది. చల్లగా ఉంచాల్సిన మందులు, సూదిమందులు, అన్నీ ఫ్రిజ్ లారీల్లో వెళ్తాయి. ప్రధాన కార్యాలయం మధ్యలో ఉంది. తూర్పున ఒక పెద్ద డిపో, పడమరన ఒక చిన్న డిపో. డ్రైవరు ఒక డిపోలో పని ముగించాక మళ్ళీ బండి తియ్యడానికి మధ్య పదకొండు గంటల విశ్రాంతి ఉండాలన్నది రూలు. మూడుసార్లు అది తగ్గితే విచారణ పూర్తయ్యేదాకా బండి తాళాలు తీసేసుకుంటారు.

మామయ్య వెనకగదిలో కూర్చుని పాత టేబుల్ ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. చుక్క అడిగితే, యంత్రం అలా చెప్పిందట, యంత్రంతో ఏం వాదిస్తాం అన్నాడు. ఆ తరవాత ఫ్యాను మోటారు గురించి మాట్లాడాడు. టీలో పంచదార తక్కువైందని కొట్టువాడితో అరగంట వాదించగల మనిషి, తన ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ఇలా చల్లబడిపోవడం చుక్కకు వింతగా అనిపించింది. అబద్ధం చెప్పేవాడి మొహం కాదది. అలాగని నిజం తన వైపుందన్న ధీమా కూడా అందులో లేదు.

మర్నాడు పొద్దున్నే చుక్క రవాణా మేనేజరు గది తలుపు తట్టింది. మేనేజరమ్మ ఒకప్పుడు బళ్ళను పంపించే బల్ల దగ్గర పనిచేసి పైకొచ్చిన మనిషి. పైకొచ్చాక కూడా ఫోను మోగితే ముందు పెన్ను అందుకునే అలవాటు పోలేదు. చుక్క దాపరికం లేకుండా చెప్పేసింది. ఆ డ్రైవరు నాకు సొంత మేనమామ, ఆ విశ్రాంతి రిపోర్టు ఎలా తయారవుతోందో ఒకసారి చూడాలనుంది, మీరు ఒద్దంటే చూడను అని. మేనేజరమ్మ కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, చూడమంది. కానీ నువ్వు ఏం తేల్చినా ఇంకొకరు సరిచూశాకే నా దగ్గరికి రావాలంది. చుక్కకు అది న్యాయంగానే తోచింది.

చుక్క పని డేటాబేస్ విభాగంలో. బళ్ళు, సరుకులు, డ్రైవర్లు, ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉన్నారన్నదంతా ఒకచోట పోగవుతుంది. దాన్ని అడగాల్సిన తీరులో అడిగి జవాబు రాబట్టే క్వెరీలు రాయడం ఆమె ఉద్యోగం. విశ్రాంతి రిపోర్టు మాత్రం ఆమె రాసింది కాదు. పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన ఆమె చేరకముందే రాశాడు. ఎవరేం చెప్పినా సరే సార్, సరే మేడమ్ అంటాడు కాబట్టి ఆఫీసులో అందరికీ ఆయన సరేసారు. ఆయన రాసిన క్వెరీ ఆయనలాగే ఉంది, తక్కువ మాటల్లో, తగాదా లేకుండా. పని ముగించిన సమయం తీసుకో, మళ్ళీ మొదలుపెట్టిన సమయం తీసుకో, రెండోదాంట్లోంచి మొదటిది తీసెయ్, పదకొండుకి తగ్గితే ఎర్రగీత పెట్టు. అంతే.

చుక్క ముందు మామయ్య ఎర్రగీతలు మూడూ తీసి చూసింది. మూడూ తూర్పు డిపోలో గడిపిన రాత్రులే. తరవాత మిగతా డ్రైవర్లందరి ఎర్రగీతలూ తీసింది. దాదాపు అన్నీ తూర్పు డిపోవే. ప్రతిదానికీ తగ్గింది సుమారు ఒక గంట. పదిమంది డ్రైవర్లు కూడబలుక్కుని ఒకే ఊళ్ళో ఒకే గంట దొంగిలించరు కదా. రోగం మనుషులది కాదు, ఊరిదని ఆమెకు అప్పుడే అనుమానం తగిలింది.

తూర్పు డిపో ఉన్న ఊళ్ళో గడియారం ఇక్కడికంటే ఒక గంట ముందుంటుంది. పడమటి ఊళ్ళో ఒక గంట వెనకుంటుంది. ఆఫీసులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఫోను చేసేముందు అందరూ వేళ్ళమీద లెక్కేసుకుంటారు. కాకపోతే మనిషికి తెలిసిందంతా క్వెరీకి కూడా తెలుస్తుందని అనుకోవడమే పొరపాటు.

ఆమె తూర్పు గేటు కాపలా ఆవిడకు ఫోను చేసి, మీ కార్డు ఒకసారి యంత్రం మీద గీకుతారా అని అడిగింది. అలాగే ఆవరణలో ఖాళీగా ఉన్న ఏదో ఒక బండిని స్టార్టు చేయించమంది. ఆవిడకి ఈ కోరిక ఏమిటో అంతుపట్టకపోయినా రెండూ చేసింది. రెండు వరసలూ చుక్క తెర మీదికి వెంటవెంటనే వచ్చాయి. రెండూ ఒకే నిమిషంలో జరిగిన పనులు. గేటు యంత్రం పన్నెండు దాటిందంటోంది. బండిలోని యంత్రం పదకొండు దాటిందంటోంది. ఏది ఏ ఊరి సమయమో రెండింటి పక్కనా రాసి లేదు.

ఇక విప్పడానికి ముడి మిగల్లేదు. గేటు దగ్గర డ్రైవరు కార్డు గీకి పని ముగిస్తే, అక్కడి యంత్రం ఆ ఊరి గడియారం రాసుకుంటుంది. పొద్దున్న బండి స్టార్టు చేస్తే, బండిలోని యంత్రం ప్రధాన కార్యాలయం గడియారం రాసుకుంటుంది. తూర్పున రాత్రి ఎనిమిదికి పడుకుని, అక్కడి సిబ్బంది అక్కడి గోడగడియారం చూసి పంపిస్తే ఏడుకి బయలుదేరినవాడు పదకొండు గంటలూ నిండా పడుకున్నాడు. కానీ ఆ ఏడు ఇక్కడ ఆరు. ఎనిమిది నుంచి ఆరుకి లెక్కేసి, పదే అంటుంది రిపోర్టు. ఒక ఊరి ఎనిమిదిని ఇంకో ఊరి ఆరుతో ముడిపెట్టిన లెక్క అది.

సరేసారు పక్కనుంచి వంగి అంతా చూశాడు. ఆయన ఈ క్వెరీ రాసేనాటికి బండ్లలో యంత్రాలు లేవు. వెళ్ళడం, రావడం రెండూ గేటు దగ్గరే గీకేవారు. రెండూ ఒకే ఊరి గడియారాలు కాబట్టి లెక్క సరిగ్గానే వచ్చేది. తరవాత ఎవరో బండి యంత్రాలు బిగించారు, ఇంకెవరో ఆ సమయాన్ని ఈ క్వెరీలోకి మళ్ళించారు. గడియారం మారిందని ఆయనకెవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. దానిదేముంది, తూర్పు డిపోకి ఒక గంట కలిపేద్దాం అన్నాడు.

చుక్క ఒప్పుకోలేదు. తూర్పు ఊళ్ళో ఏడాదికి రెండుసార్లు గడియారాలు జరుపుతారు. ఎండాకాలం ముందుకి, చలికాలం వెనక్కి. ఇక్కడ జరపరు. ఇవాళ ఒకటి కలిపితే సరిపోయేది, గడియారం జరిపిన మర్నాడు తప్పవుతుంది. కలపాల్సింది అంకె కాదు, ఊరి పేరు. ఈ సమయం ఫలానా ఊరిదని ప్రతి వరసకీ చెబితే, ఏ తేదీన ఆ ఊరి గడియారం ఎక్కడుందో డేటాబేస్ తనే చూసుకుంటుంది. అలా అన్ని సమయాలనీ ముందు ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉండే ఒక గడియారంలోకి మార్చి, అప్పుడు తీసివేత చెయ్యాలి. చూపించేటప్పుడు మాత్రం చూసేవాళ్ళకి అర్థమయ్యేలా ఊరి సమయం చూపించాలి. సరేసారు విని, సరే అన్నాడు.

మధ్యాహ్నానికి ఆమె కొత్త క్వెరీ రాసి, బండి యంత్రాలు వచ్చిన నాటి నుంచి ఉన్న రాత్రులన్నిటి మీదా నడిపింది. తూర్పు డిపో ఎర్రగీతలు తుడిచిపెట్టుకుపోయాయి. మామయ్యవి మూడూ పోయాయి. చుక్క కుర్చీలో వెనక్కి వాలింది. అమ్మకు ఫోను చేద్దామనుకుని చెయ్యి చాపింది.

అప్పుడు తెర కిందిభాగం చూసింది. ఇన్నాళ్ళూ ఒక్క ఎర్రగీత కూడా లేని పడమటి డిపో ఇప్పుడు ఎర్రగా నిండిపోయి ఉంది.

అద్దంలో కుడి ఎడమైనట్టు, తూర్పున గంట మింగిన లెక్క పడమరన గంట కలిపింది. పడమటి గడియారం వెనకుంటుంది కదా. అక్కడ రాత్రి ఎనిమిదికి గేటు గీకితే ఇక్కడ అప్పటికే తొమ్మిది. ఎనిమిది నుంచి పొద్దున్న ఇక్కడి ఏడు దాకా పదకొండు అయిందని పాత రిపోర్టు చెప్పేది. నిజానికి అయింది పదే. పైగా అది చిన్న డిపో, అక్కడ పంపించే సిబ్బంది లేరు. ఇక్కడినుంచే తెర చూసి, విశ్రాంతి పూర్తయిందని కనిపించగానే ఫోను చేసి డ్రైవర్లని లేపి పంపుతారు. అంటే పడమటికి వెళ్ళిన ప్రతివాడినీ కంపెనీయే గంట ముందు లేపుతోందన్నమాట. ఆ జాబితాలో దుప్పటి మామయ్య రాత్రులు రెండున్నాయి.

సరేసారు కూడా చూశాడు. గొంతు తగ్గించి, "అడిగింది తూర్పు సంగతేగా అమ్మా. పడమర గురించి ఎవరూ అడగలేదు. తూర్పు కాగితం ఇచ్చేస్తే మీ మామయ్య పొద్దున్నకల్లా బండెక్కుతాడు" అన్నాడు. చెడ్డబుద్ధితో అన్నమాట కాదది. ఆయన జీవితమంతా అడిగినంతకే జవాబు చెప్పి, ఎవరితోనూ మాట పడకుండా నెట్టుకొచ్చిన మనిషి. చుక్క కొత్త క్వెరీ ఆయన చేతికిచ్చి, మీరు సరిచూసి పెట్టండి, ఊరికే చూడొద్దు, తప్పు పట్టుకుందామనే చూడండి అని చెప్పి, తను ఆ సాయంత్రం ఆఫీసు అవగానే అత్తయ్యగారింటికి నడిచింది. మామయ్య పేరు ఆ కాగితం మీద ఉందన్న సంగతి ముందు తన నోటినుంచే ఆయన వినాలనుకుంది.

ముందుగదిలో అత్తయ్య ఎవరిదో పెళ్ళికూతురి గౌను అంచు కుడుతోంది. గదినిండా తెల్లగుడ్డ పరిచి ఉంది, కాలు పెట్టడానికి చోటు లేదు. చుక్క గోడవారగా వెళ్ళి మామయ్య ఎదురుగా కూర్చుంది. ఫ్యాను ఇంకా విప్పే ఉంది.

"నీ మూడు గీతలూ పోయాయి మామయ్యా. తప్పు రిపోర్టుది" అంది.

మిషను చప్పుడు ఆగింది. అత్తయ్య నేను చెప్పలేదా అన్నట్టు ఇటు చూసింది. మామయ్య మాత్రం తల ఊపి, ఇంకా ఏదో ఉంది, చెప్పెయ్ అన్నాడు. ఆమె మొహం ఆయనకి చిన్నప్పటినుంచీ తెలుసు.

చుక్క పడమటి సంగతి చెప్పింది. రెండు రాత్రుల తేదీలూ చెప్పింది. అత్తయ్యే ముందు మాట్లాడింది. అవి నువ్వు ఇవ్వక్కర్లేదుగా, వాళ్ళు అడగనిది నువ్వెందుకు నెత్తినేసుకోవడం, అడుసు తొక్కనేల కాలు కడగనేల అంది. చేతులారా మేనమామ పేరు రాసిచ్చే మేనకోడలు ఎక్కడైనా ఉంటుందా అని కూడా అంది.

మామయ్య రెండో తేదీ ఏదని మళ్ళీ అడిగాడు. చెప్పింది. ఆయన చేతిలోని గుడ్డ కింద పెట్టాడు.

"ఆ పొద్దున ఫోనొచ్చేసరికి కళ్ళు తెరుచుకోలేదు. బయట ఇంకా చీకటి. పదకొండు గంటలూ అయిపోయాయి, లేవండి అన్నారు. అయిపోయాయంటే అయిపోయే ఉంటాయనుకున్నా. ఒంతెన దాటాక ఎక్కడో కన్నంటుకుంది. బండి రోడ్డు వారన గరుకు గట్టు ఎక్కి ఒకటే అదురు. ఆ అదురుకే మెలకువొచ్చింది. పక్కన బండి దింపి చాలాసేపు కూర్చున్నా."

ఆయనే మళ్ళీ అన్నాడు.

"కాగితం పదకొండంది, ఒళ్ళు పదంది. నేను కాగితాన్నే నమ్మాను చుక్కా. నిండా పడుకుని కూడా తూగుతున్నానంటే ఇక వయసైపోయిందనుకున్నా. అందుకే తాళాలు ఇమ్మంటే మాట్లాడకుండా ఇచ్చేశా. ఎవరో ఒకరు దించేస్తే మేలేమో అనిపించింది."

వాదించకుండా ఎందుకు కూర్చున్నాడో చుక్కకు అప్పుడర్థమైంది. యంత్రం తప్పు చెప్పిందని ఆయనకు తెలుసు. తూర్పున తను నిండా నిద్రపోయిన సంగతి ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. కానీ తన మీద తనకే నమ్మకం పోయినవాడు యంత్రంతో ఏం పోట్లాడతాడు.

అత్తయ్య గౌను పక్కకి జరిపి లేచి నిలబడింది. ఆ సంగతి నాకెందుకు చెప్పలేదని మొగుణ్ణి అడిగింది. ఆయన ఏదో నసిగాడు. ఇంటికొచ్చి ఆవేళ రెండుసార్లు వడ్డించుకుని తిన్నావు, నవ్వుతూ కబుర్లు చెప్పావు, ఒక్క ముక్క చెప్పలేకపోయావా అంది. ఆవిడ గొంతు పెద్దది చెయ్యలేదు. పెద్దది చేస్తే బావుండునని చుక్కకు అనిపించింది. మామయ్య చుక్కవైపు తిరిగి, "ఆ కాగితం మొత్తం ఇచ్చెయ్. నా పేరుతోసహా" అన్నాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి సరేసారు తన బల్ల మీద కాకుండా చుక్క బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. మూడు ఠావుల నిండా చేత్తో లెక్కలు వేశాడు. ఆమెను చూడగానే, "కాదు" అన్నాడు. ఆయన నోట ఆ మాట ఆఫీసులో ఎవరైనా వినివుంటారా అన్నది అనుమానమే.

విశ్రాంతి లెక్క సరిగ్గానే ఉంది. ఎన్ని గంటలన్నది ఎక్కడా తప్పలేదు. కానీ పక్కన చూపించే సమయాలు తప్పు. సర్వర్ జవాబిచ్చేటప్పుడు తనంతట తనే సమయాన్ని ఇక్కడి గడియారంలోకి మార్చి ఇస్తుంది. చుక్క అది గమనించక, మారిన సమయాన్ని మళ్ళీ మార్చింది. మొగుడొకసారి పెళ్ళామొకసారి ఉప్పేసిన కూరలా తయారైందమ్మా ఇది అన్నాడాయన. ఇది ఇలాగే పైకి వెళ్ళి ఉంటే, ఏ డ్రైవరో తను గేటు గీకిన సమయం ఇది కాదని ఒక్క మాట అన్నాడంటే చాలు, లెక్కంతా బూటకమని తోసిపుచ్చేవాళ్ళు. చుక్క చెవులు వేడెక్కాయి. కూర్చుని దిద్దింది. ఆయన మళ్ళీ సరిచూసి, ఈసారి సరే అన్నాడు.

మేనేజరమ్మ తూర్పు కాగితం చదివినంతసేపూ తల ఊపింది. పడమటి కాగితం తిప్పాక ఊపడం మానేసింది. మీ మామయ్యది కూడా ఇందులో ఉందే అంది. రెండున్నాయని చుక్క చెప్పింది. మేనేజరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. వచ్చే నెల రవాణా శాఖ తనిఖీ ఉంది. డ్రైవర్ల తప్పయితే డ్రైవర్ల మీద పోతుంది, ఇది మన తప్పు, మనమే వాళ్ళని లేపి రోడ్డెక్కించాం, పైగా అంతా సవ్యంగా ఉందని కాగితాలు పంపాం. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. తనిఖీ అయ్యేదాకా దీన్ని మన మధ్యే ఉంచి, ఆ తరవాత మెల్లగా దిద్దుకుంటే ఎలా ఉంటుందని పైకే ఆలోచించింది. చుక్కను అడిగినట్టు కూడా లేదు, తనను తాను అడుగుతున్నట్టుంది.

"ఇవాళ పడమటికి బళ్ళు వెళ్తున్నాయి మేడమ్. రేపు పొద్దున వాళ్ళని లేపేది కూడా ఈ రిపోర్టే" అంది చుక్క.

ఒంతెన సంగతి ఆమె చెప్పలేదు. అది మామయ్య చెప్పుకోవాల్సిన సంగతి. కానీ చెప్పక్కర్లేకపోయింది. బళ్ళు పంపే బల్ల దగ్గర పాతికేళ్ళు కూర్చున్న మనిషికి, పొద్దున్నే ఫోను ఎత్తిన డ్రైవరు గొంతు ఎలా ఉంటుందో ఇంకొకరు వర్ణించాల్సిన పనిలేదు. మేనేజరమ్మ పెన్ను అందుకుని, ఆ తరవాత ఫోను అందుకుంది. పడమటి నుంచి ఏ బండీ అక్కడి గడియారం ప్రకారం పదకొండు గంటలు నిండకుండా కదలకూడదని చెప్పింది. అవతలివాళ్ళు సరుకు ఆలస్యమవుతుందన్నారు. అయితే అవనీ అంది.

తరవాతి రోజులు సాఫీగా ఏమీ నడవలేదు. పైవాళ్ళు మేనేజరమ్మను రెండుసార్లు పిలిపించి, ఇంత తొందరపడి మన తప్పు రవాణా శాఖకి రాతపూర్వకంగా చెప్పుకోవాల్సిన అవసరమేమొచ్చిందని అడిగారు. ఆసుపత్రులు మందులు గంట ఆలస్యంగా వస్తున్నాయని గొణిగాయి, కొన్నాళ్ళకి అలవాటుపడ్డాయి. రవాణా శాఖ మందలింపు ఇచ్చి, ఏడాదిపాటు ప్రతి నెలా లెక్కలు చూపించమంది. మామయ్య తనంతట తనే వెళ్ళి ఒంతెన సంగతి మేనేజరమ్మకు చెప్పాడు. ఆయన్ని వైద్య పరీక్షకి పంపారు. కళ్ళు, గుండె, నిద్ర అన్నీ చూసి, ఈ మనిషికి వయసుకి మించిన రోగమేదీ లేదని రాసిచ్చారు. ఆయన ఆ కాగితాన్ని అత్తయ్య చేతిలో పెడితే, ఆవిడ చదివి, నాకు నోటితో చెప్పడం నేర్చుకో, కాగితాలు తరవాత అందట. చుక్కతో ఆవిడ కొంతకాలం ముక్తసరిగానే మాట్లాడింది. ప్యాంటు మాత్రం కుట్టిపెట్టింది.

మామయ్య మళ్ళీ బండెక్కాడు. కొత్త రిపోర్టులో ప్రతి సమయం పక్కనా ఊరి పేరు ఉంటుంది. డ్రైవర్లు దాన్ని చూసి, ఇంటిపేరున్న గడియారం వచ్చిందని నవ్వుకున్నారు. చలికాలం మొదట్లో తూర్పు ఊళ్ళో గడియారాలు జరిపిన రోజు చుక్క పొద్దున్నే వచ్చి తెర ముందు కూర్చుంది. ఒక్క గీత కూడా తప్పు పడలేదు. ఆ సంగతి ఆమె, సరేసారు తప్ప ఎవరూ గమనించలేదు. వాళ్ళిద్దరూ కింద కొట్టుకెళ్ళి టీ తాగి వచ్చారు.

పడమటి జాబితాలో ఉన్నవాళ్ళలో ఒకడు మాత్రం అప్పటికే కంపెనీలో లేడు. పొడుగాటి మనిషి, మాటలు తక్కువ. వేసవిలో ఒక పొద్దున పడమటి గేటు దాటుతూ సిమెంటు స్తంభాన్ని గుద్దేశాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ బండి ముందుభాగం నుజ్జయింది. రిపోర్టు నిండు విశ్రాంతి చూపించింది కాబట్టి, అశ్రద్ధ అని రాసి పంపేశారు. చుక్క ఆ వరస చూసిన నాడే మేనేజరమ్మకు చూపించింది. ఫోను చేస్తే అతను ఎత్తలేదు. చివరికి, అశ్రద్ధ అన్న మాట కొట్టేస్తున్నామనీ ఉద్యోగం మళ్ళీ ఇస్తామనీ పాత చిరునామాకి కబురు పంపారు.

చాలా రోజుల తరవాత అతను వచ్చాడు. భుజాల మీద, కనుబొమల మీద సన్నటి పిండి ఉంది. రొట్టెల కొట్లో చేరాడట. మేనేజరమ్మ అతన్ని చుక్క బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. అతను కూర్చోకుండానే తెర మీద తన వరస చూపించమని అడిగాడు. చుక్క చూపించింది. రెండు సమయాలు, రెండు ఊళ్ళ పేర్లు, పక్కన పది గంటలు. ఆ వరస మీద వేలు పెట్టి నిదానంగా చదువుకున్నాడు. అలా చదవడం అయ్యాక మళ్ళీ ఒకసారి చదివాడు.

ఉద్యోగం మాట మేనేజరమ్మ ఎత్తింది. అతను అక్కర్లేదన్నాడు. కోపంగా అనలేదు.

"రొట్టెల పనిక్కూడా తెల్లారకముందే లేవాలి. కానీ నిద్దట్లో తూలినా పిండిలో పడతాను, ఎవరి మీదా పడను" అన్నాడు.

అశ్రద్ధ మాట కొట్టేసిన కాగితం మాత్రం తీసుకున్నాడు. మా ఆవిడకి చూపించాలి, ఆ పొద్దున నేను తాగి ఉన్నాననే అనుకుంటోంది ఇప్పటికీ అని చెప్పి, కాగితం నలగకుండా ఉండటానికి ఒక అట్ట అడిగాడు. సరేసారు సొరుగులోంచి ఒకటి తీసిచ్చాడు. అతను కాగితాన్ని అందులో పెట్టుకుని, అందరికీ తల ఊపి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.